రెండడుగుల అక్వేరియంలో టైగర్ బార్బ్‌ల తరుములాట: ఒక పాఠకురాలికి సమాధానం

ప్రశ్న: మాది తిరుపతి. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి పట్టుబడితే మూడు నెలల క్రితం రెండడుగుల అక్వేరియం కొన్నాము. పొడవు 24 అంగుళాలు, వెడల్పు 12, ఎత్తు 15. అందులో నాలుగు టైగర్ బార్బ్‌లు, మూడు విడో టెట్రాలు, రెండు ఏంజెల్ చేపలు, ఐదు గప్పీలు వేశాము. నెల రోజులుగా టైగర్ బార్బ్‌లలో పెద్దది మిగిలినవాటిని, ముఖ్యంగా ఒక చిన్నదాన్ని, పగలంతా తరుముతోంది. ఆ చిన్నది ఫిల్టర్ వెనక నుంచి బయటికి రావడం లేదు. ఏంజెల్ చేపల కింద వేలాడే పొడవాటి పోగులు తెగిపోయాయి. రెండు గప్పీలకు తోకలు సగమే మిగిలాయి, ఒకటి చనిపోయింది. ప్రతి ఆదివారం నీళ్లన్నీ తీసేసి, గులకరాళ్లతో సహా కడిగి, బోరు నీళ్లు నింపుతున్నాము కాబట్టి శుభ్రతకు లోటు లేదు. దుకాణంలో అడిగితే ఒక పెద్ద చేపను వేస్తే అన్నీ అదుపులో ఉంటాయన్నారు. మా అబ్బాయేమో ఆ రౌడీ చేపను తీసేద్దామంటున్నాడు. ఈ రెండింటిలో ఏది మంచిది?

సమాధానం: రెండూ వద్దు. మీ అబ్బాయి ఆలోచన వెనక ఉన్న న్యాయబుద్ధి నాకు నచ్చింది, కాని ఆ పెద్ద చేపను తీసేస్తే కొద్ది రోజుల్లోనే మిగిలిన మూడింటిలో బలమైనది దాని స్థానంలోకి వచ్చి అదే పని మొదలుపెడుతుంది. ఎందుకంటే ఈ తరుములాటకు కారణం ఒక చేప దుర్గుణం కాదు. వాటి సంఖ్య, వాటికి మనం ఇచ్చిన చోటు, పక్కన ఉంచిన చేపలు, మీరు శుభ్రత అనుకుంటున్న ఆ ఆదివారపు కడుగుడు, ఈ నాలుగూ కలిసి తెచ్చిన పరిస్థితి ఇది. నాలుగూ మీ చేతిలో ఉన్నవే కనుక సరిచేయవచ్చు, అయితే ఒక వరుసలో చేయాలి.

టైగర్ బార్బ్ సుమత్రా, బోర్నియో దీవుల వాగుల్లో గుంపులుగా బతికే చేప. గుంపులో ప్రతి చేపకూ ఒక హోదా ఉంటుంది, ఆ హోదాను అవి రోజూ ఒకదాన్నొకటి తరిమి, పక్కపక్కన నిలిచి రెక్కలు విప్పి, అప్పుడప్పుడు మూతితో పొడిచి తేల్చుకుంటూనే ఉంటాయి. పది చేపలున్నచోట ఈ తరుములాట పదింటి మధ్యా పంచబడుతుంది: ఒకటి ఒకదాన్ని రెండు క్షణాలు తరిమి, అంతలో వేరొకటి అడ్డొస్తే దాని వెంట పడుతుంది, మొదటిది గుంపులో కలిసి కనిపించకుండా పోతుంది. నాలుగే ఉంటే అలా కలిసిపోవడానికి గుంపు ఉండదు. పెద్దదాని దృష్టి పడడానికి మూడే చేపలు మిగులుతాయి, వాటిలో అన్నిటికంటే బలహీనమైనది రోజంతా దెబ్బలు తింటుంది. ఈ జాతికి కనీసం ఆరు చేపలుండాలని పెంపకందార్లు చెబుతారు. నా అభిప్రాయంలో ఆరు కూడా తక్కువే, ఎనిమిది నుంచి పది ఉన్నప్పుడే వాటి నిజమైన స్వభావం కనిపిస్తుంది. దుకాణాల్లో ‘రెండు జతలు’ అని నాలుగు కట్టి ఇవ్వడం ఒక అలవాటుగా మారింది. చిలకలకు సరిపోయే ఆ లెక్క గుంపు చేపలకు వర్తించదు.

ప్రతి తరుములాటా తగాదా కాదని కూడా మీరు గమనించాలి. దాదాపు ఒకే పరిమాణం ఉన్న రెండు బార్బ్‌లు తల కొంచెం దించి, పక్కపక్కనే గుండ్రంగా తిరిగి, కొన్ని క్షణాల్లో విడిపోయి, ఏ రెక్కా చినగకుండా మేత దగ్గర మళ్లీ కలిస్తే అది ఆరోగ్యమైన గుంపు లక్షణమే. ఉదయం పూట మూతి ఎర్రగా ఉన్న మగ చేపలు పొట్ట గుండ్రంగా ఉన్న ఆడ చేపను వెంబడిస్తే అది గుడ్లు పెట్టే సందడి కావచ్చు. రాత్రి దీపం ఆర్పాక కొన్ని తల కిందికి వంచి నీళ్లలో వేలాడినట్లు నిలబడడం చూసి చాలామంది జబ్బు అనుకుంటారు; టైగర్ బార్బ్‌లు విశ్రాంతి తీసుకునే తీరే అది. ఎప్పుడూ ఒకే చేప తరమబడుతూ, మేత వేసినా బయటికి రాకుండా, రెక్కలు ఒంటికి అతికించుకుని, రంగు వెలిసి, మూలనో ఫిల్టర్ వెనకో ఉండిపోతే మాత్రం ఉపేక్షించకూడదు. మీ చిన్న చేప సరిగ్గా ఆ స్థితిలో ఉంది.

ఇక చోటు. మీ అక్వేరియంలో అంచు దాకా నింపితే సుమారు 70 లీటర్లు పడతాయి; గులకరాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే 55 నుంచి 60 లీటర్లు మిగులుతాయి. టైగర్ బార్బ్‌కు లీటర్ల కంటే పొడవు ముఖ్యం. పూర్తిగా పెరిగితే దాదాపు 7 సెంటీమీటర్లుండి, బాణంలా దూసుకుపోయే ఈ చేపకు రెండడుగుల గాజు గోడల మధ్య తప్పించుకునే దూరం దొరకదు. రెండు తోక ఊపుల్లో ఇటు గోడ నుంచి అటు గోడకు చేరిపోతుంది కనుక తరిమేది ఎప్పుడూ తరమబడేదాన్ని చూస్తూనే ఉంటుంది. ఇది మీకు నచ్చని మాటే అయినా చెప్పక తప్పదు: పెరిగిన టైగర్ బార్బ్‌ల గుంపుకు మూడడుగుల అక్వేరియం కావాలి. చిన్న వయసు చేపలను ఇప్పుడున్న దాంట్లో కొంతకాలం ఉంచవచ్చు, శాశ్వతంగా కాదు.

పొరుగు చేపల సంగతి మరింత సూటిగా చెప్పాలి. ఏంజెల్, గప్పీ రెండూ నెమ్మదిగా ఈదే చేపలు, రెండింటికీ వేలాడే రెక్కలుంటాయి. అలాంటి రెక్కలను కొరకడం టైగర్ బార్బ్‌లకూ విడో టెట్రాలకూ పుట్టుకతో వచ్చిన అలవాటు. మీ అబ్బాయి పెద్ద బార్బ్‌నే దోషిగా చూస్తున్నాడు కాని, ఏంజెల్ పోగులు తెగడంలో విడో టెట్రాల చెయ్యీ ఉండవచ్చు. అవి కూడా మూడే ఉన్నాయి, వాటికీ ఆరుకు తగ్గని గుంపు కావాలి. పైగా ఏంజెల్ చేప రెక్కలతో కలిపి 20 సెంటీమీటర్ల ఎత్తు దాకా పెరుగుతుంది. కొంచెం పెద్దదయ్యాక మీ గప్పీ పిల్లలను అదే మింగుతుంది, జత కుదిరి గుడ్లు పెడితే అక్వేరియంలో సగాన్ని తన సొంతమన్నట్లు కాపలా కాస్తుంది. ఈ నాలుగు జాతులను ఒకే రెండడుగుల పెట్టెలో కలిపి అమ్మినవారు మీకు సరైన సలహా ఇవ్వలేదు. ఒకవేళ మీ విడో టెట్రాలు గులాబీ, నీలం, ఆకుపచ్చ వంటి రంగుల్లో ఉంటే, అవి రంగు ఎక్కించినవి అయ్యే అవకాశం కూడా ఉంది. ఈ జాతి సహజమైన రంగు వెండి, నలుపు. రంగు ఎక్కించడం చేపకు బాధాకరమైన పని కనుక అలాంటివి మళ్లీ కొనవద్దని నా విన్నపం.

పెద్ద చేపను వేస్తే అదుపు వస్తుందన్న సలహా చాలా దుకాణాల్లో వినిపిస్తుంది. పెద్ద చేప వచ్చిన రెండు రోజులు అన్నీ భయంతో ఒదిగి ఉంటాయి, దాన్నే మనం శాంతి అనుకుంటాము. ఆ తర్వాత తగాదాలు మళ్లీ మొదలవుతాయి, వాటికి తోడు నీళ్లలో చేరే మలినం పెరుగుతుంది. ‘షార్క్’ అని ముద్దుగా అమ్మే చిన్న చేప చాలాసార్లు పంగాసియస్ పిల్ల అయి ఉంటుంది. మన కోస్తా జిల్లాల చెరువుల్లో తినడానికి పెంచే చేప అది, మీటరు దాటి పెరగగల జాతి. దాన్ని మీ అక్వేరియంలో ఊహించుకుంటే చాలు.

ఇప్పుడు నీళ్ల దగ్గరికి వస్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన వాక్యం ప్రతి ఆదివారం గులకరాళ్లతో సహా కడగడం గురించిన వాక్యమే. చేపల మలం, మొప్పల నుంచి వెలువడే వ్యర్థం, మిగిలిపోయిన మేత, ఇవన్నీ అమ్మోనియాగా మారతాయి. దాన్ని నైట్రైట్‌గానూ, ఆ నైట్రైట్‌ను అంత ప్రమాదం లేని నైట్రేట్‌గానూ మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో, గులకరాళ్ల మీద, గాజు మీద పట్టిన జిగురు పొరలో నివసిస్తాయి. అవి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు వారం వారం వాటిని కడిగి పారబోస్తున్నారు కనుక, మూడు నెలల వయసున్న మీ అక్వేరియం నీటి పరంగా ఇప్పటికీ మొదటి వారంలోనే ఉంది. అమ్మోనియా మొప్పలను మండిస్తుంది. ఊపిరి సరిగా ఆడని చేపలు చిరాకుగా, అస్థిమితంగా ఉంటాయి, బలహీనమైనవి ముందుగా చనిపోతాయి. చనిపోయిన గప్పీని చంపింది బార్బ్ కాటు ఒక్కటే అని నేను అనుకోను.

దీనికి మన ప్రాంతపు బోరు నీళ్లు మరో చిక్కు తెస్తాయి. తిరుపతి, చిత్తూరు పరిసరాల్లో చాలాచోట్ల బోరు నీళ్లు కఠినంగా ఉంటాయి. మీ ఇంట్లో వేడినీళ్ల పాత్ర అడుగునో గీజరు రాడ్డు మీదో తెల్లటి పొర కడుతుంటే మీవీ అలాంటివే. ఇటువంటి నీళ్ల పి.హెచ్., అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత, తరచుగా 7 కంటే ఎక్కువగా, 8 దాకా ఉంటుంది. పి.హెచ్. 7 నుంచి 8కి పెరిగితే నీళ్లలో ఉన్న అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం సుమారు పది రెట్లు అవుతుంది. వేడి పెరిగినా ఆ భాగం పెరుగుతుంది. కాబట్టి మెత్తటి నీళ్లున్న ఊళ్లో చేపలు ఓర్చుకునే మోతాదు మన దగ్గర వాటికి ప్రాణాంతకం కావచ్చు. బోరు నీళ్లు పనికిరావని దీని అర్థం కాదు. గప్పీలు, మోలీలు, ప్లాటీలకు అవి హాయిగా ఉంటాయి, టైగర్ బార్బ్‌లూ మధ్యస్థమైన కాఠిన్యానికి అలవాటు పడతాయి. మునిసిపల్ కుళాయి నీళ్లు వాడితే మాత్రం క్లోరిన్ ఉంటుంది కనుక దుకాణంలో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు తప్పనిసరి.

చేయవలసిన పనుల్లో మొదటిది ఈ రోజే చేయండి. అక్వేరియం వెడల్పుకు సరిపడే గాజు పలకనో, రంధ్రాలున్న ప్లాస్టిక్ జల్లెడ పలకనో అడ్డంగా నిలిపి, చిన్న బార్బ్‌ను ఫిల్టర్ నీళ్లు చేరే ఒక భాగంలో వేరు చేయండి. పలక గాజుదైతే కింద, పక్కన సన్నని సందు వదిలి నీళ్లు పారేలా చూడండి, ఆ సందులోంచి చేప మాత్రం దూరకూడదు. దాన్ని పూర్తిగా వేరే గిన్నెలో ఒంటరిగా ఉంచడం కంటే ఇది మేలు, ఎందుకంటే గుంపు చేప తన జాతిని చూస్తూ ఉంటేనే త్వరగా మేత అందుకుంటుంది. చినిగిన రెక్క మొదలు దాకా పోకపోతే శుభ్రమైన నీళ్లలో కొన్ని వారాల్లో తిరిగి పెరుగుతుంది. గాయం మీద దూదిలాంటి తెల్లటి పొర కనిపిస్తే అప్పుడు మందు గురించి ఆలోచించాలి, అంతకుముందు రంగు నీళ్ల మందులేవీ పోయవద్దు. వాటిలో కొన్ని ఫిల్టర్‌లోని బ్యాక్టీరియాను కూడా చంపుతాయి.

ఈ వారంలోనే ఏంజెల్ చేపలను, గప్పీలను, విడో టెట్రాలను వేరే చోటికి చేర్చండి. చాలా దుకాణాలు ఆరోగ్యంగా ఉన్న చేపలను తిరిగి తీసుకుంటాయి, డబ్బు ఇవ్వకపోయినా మేతో మందో ఇస్తాయి. పెద్ద అక్వేరియం ఉన్న పరిచయస్థులుంటే ఏంజెల్ జతను వారికివ్వడం ఇంకా మంచిది. గప్పీల మీద మీ అబ్బాయికి మమకారం ఉంటే వాటికి విడిగా స్పాంజ్ ఫిల్టర్ పెట్టిన అడుగున్నర తొట్టి చాలు, మన బోరు నీళ్లలో అవి సంతోషంగా పిల్లలు పెడతాయి. ఏది చేసినా, వద్దనుకున్న చేపలను పుణ్యం పేరుతో కోనేట్లోనో, ఊరి చెరువులోనో, స్వర్ణముఖిలోనో వదలకండి. నాచు తింటుందని అక్వేరియంలలో పెంచిన సక్కర్ చేప అలా బయటపడే ఇవాళ తెలుగు నేల మీద నదులూ చెరువుల్లోకి వ్యాపించింది. వలలు చింపి, మన చేపల చోటు ఆక్రమిస్తున్న దాన్ని జాలర్లు దెయ్యం చేప అంటున్నారు.

నీళ్ల పద్ధతి ఈ ఆదివారం నుంచే మార్చండి. గులకరాళ్లు బయటికి తీయవద్దు. పావు వంతు నీళ్లు మాత్రం సన్నని గొట్టంతో అడుగు నుంచి లాగి, అదే పరిమాణంలో, అదే వేడిలో ఉన్న నీళ్లు నెమ్మదిగా పోయండి. ఫిల్టర్ స్పాంజి మూసుకుపోతే కుళాయి కింద ఉతకకుండా, అక్వేరియంలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి తిరిగి పెట్టండి. అమ్మోనియా, నైట్రైట్ కొలిచే చిన్న పరీక్ష కిట్ కొనండి, కొత్త చేప కొనే డబ్బు దానికి పెట్టడం వంద రెట్లు ఉపయోగం. బ్యాక్టీరియా కుదురుకునే ఈ నాలుగు నుంచి ఆరు వారాల్లో మేత సగానికి తగ్గించండి, కిట్‌లో అమ్మోనియా లీటరుకు 0.25 మిల్లీగ్రాము చూపిస్తే ఆ రోజే పావు వంతు నీళ్లు మార్చండి. మేత తగ్గించినా ఒక్కసారే వేయకుండా ఉదయం, సాయంత్రం చిటికెడు చొప్పున, రెండు చివర్లా ఒకేసారి చల్లితే పెద్ద చేప మొత్తాన్ని కాపలా కాయలేదు.

ఈలోగా లోపలి అమరికనూ మార్చవచ్చు. ఇప్పుడు మీ అక్వేరియం మధ్యలో ఒక కోట బొమ్మ, చుట్టూ ఖాళీ ఉండి ఉంటుందని ఊహిస్తున్నాను, ఎక్కువ ఇళ్లలో అలాగే ఉంటుంది. వెనక వైపూ రెండు చివర్లా పొడవాటి మొక్కలు గుబురుగా పెట్టి, ముందు భాగం ఈదడానికి వదిలేయండి. వాలిస్నేరియా, హైడ్రిల్లా వంటివి కఠినమైన నీళ్లలోనూ బతుకుతాయి. ఒక చెక్క దుంగనో నున్నటి రాళ్ల గుట్టనో మధ్యకు కొంచెం పక్కగా ఉంచితే చూపు తెగుతుంది. తరిమే చేపకు ఎదుటిది కనిపించకపోతే అది సగంలోనే ఆగిపోతుంది. వెనక గాజుకు బయట ముదురు రంగు కాగితం అంటిస్తే చేప గాజులో తన ప్రతిబింబాన్నే చూసి రెచ్చిపోవడం తగ్గుతుంది. దీపం రోజుకు ఎనిమిది గంటలు చాలు.

వరుసగా రెండు వారాల పాటు అమ్మోనియా, నైట్రైట్ సున్నా చూపించాక, అప్పుడు మాత్రమే కొత్త బార్బ్‌లను తీసుకురండి. ఐదారు చేపలు, మీ చిన్నదాని పరిమాణంలోవి, అన్నీ ఒకే రోజు. ఒక్కొక్కటిగా తెస్తే వచ్చిన ప్రతిదీ ఒంటరిగా దెబ్బలు తింటుంది. ఆకుపచ్చగా మెరిసే రకమైనా, పసుపు మీద తెల్ల చారలున్న ఆల్బినో రకమైనా ఇదే జాతి కనుక గుంపులో కలుస్తాయి. తెచ్చినవాటిని వీలైతే రెండు వారాలు వేరే తొట్టిలో ఉంచి జబ్బు లేదని తేల్చుకోండి. వాటిని వదిలే రోజు సాయంత్రం లోపలి రాళ్లు, మొక్కల చోట్లు కొంచెం మార్చి, దీపం ఆర్పి, వేరు చేసిన చిన్న చేపను కూడా అదే సమయంలో కలపండి. అందరికీ చోటు కొత్తదే అయితే పాత పెత్తనం కొంత చెదురుతుంది. మొదటి రెండు మూడు రోజులు తరుములాట ఎక్కువగానే కనిపిస్తుంది, కంగారు పడి ఎవరినీ బయటికి తీయవద్దు. అది పది చేపల మధ్య చెదిరిపోతోందా, ఒక్కదాని మీదే పడుతోందా అన్నదే మీరు చూడవలసింది.

వేసవి గురించి ఒక మాట. మన దగ్గర మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు గదిలోని అక్వేరియం నీళ్లు 32, 33 దాకా వేడెక్కుతాయి, టైగర్ బార్బ్‌లకు 22 నుంచి 27 డిగ్రీలు అనువైనవి. నీళ్లు వేడెక్కిన కొద్దీ చేపకు ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది, నీళ్లలో కరిగి ఉండగలిగేది మాత్రం తగ్గుతుంది: 20 డిగ్రీల వద్ద లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఉండగలిగితే 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మాత్రమే. అందుకే ఎండాకాలంలో తగాదాలూ మరణాలూ కలిసి వస్తాయి. కిటికీ ఎండ పడకుండా చూసి, నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాను గాలి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, ఆవిరైన నీళ్లు రోజూ నింపుకోవాలి. కరెంటు పోయే వేళలకు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాలి.

మూడడుగుల అక్వేరియం కొనే ఉద్దేశం గాని, పెట్టే చోటు గాని మీకు లేకపోతే కొత్త బార్బ్‌లు తేవద్దు. అప్పుడు నాలుగు టైగర్ బార్బ్‌లనూ తిరిగి ఇచ్చేసి, అదే అక్వేరియంలో ఎనిమిది చెర్రీ బార్బ్‌లు పెంచమంటాను. శ్రీలంక వాగుల్లో పుట్టిన ఈ జాతిలో మగవి ఎర్రగా మెరుస్తాయి, రెక్కలు కొరికే అలవాటు వాటికి లేదు, రెండడుగుల పొడవు వాటికి సరిపోతుంది. దుకాణాల్లో అందంగా కనిపించే నియాన్ టెట్రాలను మాత్రం మన కఠినమైన బోరు నీళ్లకు నేను సూచించను. ఈ రెండు దారుల్లో ఏది ఎంచుకోవాలన్నది మీ అబ్బాయితో కూర్చుని మాట్లాడి తేల్చుకోండి. గుంపు పూర్తయి నాలుగు వారాలు గడిచాక కూడా ఒకే చేప ఒకే చేపను తరుముతుంటే, తరిమేదాన్ని ఒక వారం పలక అవతల ఉంచి తిరిగి కలపండి, దానికీ లొంగకపోతే అప్పుడు మీ అబ్బాయి మొదట చెప్పినట్లే దాన్ని దుకాణానికి ఇచ్చేయవచ్చు.